పనసకు మడి కట్టిన యలమందయ్య

రాయచూరు జిల్లా బాళగనూరు పక్క, ఆంధ్రా రైతులు వచ్చి వెలసిన క్యాంపులో యలమందయ్యకు రెండు గొప్పలున్నాయి. ఒకటి మీసం, రెండోది నీడ. మీసాన్ని ఆయన పెంచాడు. నీడ ఆయన్ని పెంచింది.

ఇంటి వెనక, పిల్లకాలవ వైపు పెరట్లో ఆయన కుర్రతనంలో పాతిన నిద్రగన్నేరు చెట్లు మూడు. పాతినప్పుడు ఎడంగానే పాతాడు. అవి పైకి పోయాక ఒకదాని భుజం మీద ఒకటి చేతులేసుకుని ఆకాశానికి గొళ్ళెం పెట్టేశాయి. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుని నిద్రపోతాయి కనక వాటికి ఆ పేరు. యలమందయ్య మాత్రం మధ్యాహ్నమే పడుకునేవాడు. అంటే ఆ పెరట్లో రాత్రీ పగలూ ఎవరో ఒకరు నిద్ర డ్యూటీలో ఉంటూనే ఉండేవారు.

గుంటూరు వైపు నుంచి తండ్రి వెంట తుంగభద్ర కాలవ వెతుక్కుంటూ వచ్చినవాడు, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వరి తప్ప మరొకటి పండించనివాడు. ఆయనకు వచ్చిన వృక్షశాస్త్రమంతా వరి మడిలో నేర్చిందే. ఆకు పచ్చగా ఉంటే పైరు బాగున్నట్టు. పసుపుపచ్చగా ఉంటే యూరియా అడుగుతున్నట్టు. మొదలు దగ్గర నీళ్ళు నిలబడితే బతుకుతున్నట్టు, నిలబడకపోతే మోటారు వెయ్యమన్నట్టు. పెళ్ళివారింట్లో పసుపు దంచుతుంటే కూడా ఆయన చెయ్యి యూరియా బస్తా కోసం తడుముకుంటుందని క్యాంపులో చెప్పుకుంటారు.

ఆ మూడు చెట్లలో నడిమి చెట్టు కింద ఒక పుల్ల ఉంది. పుల్ల అనడం యలమందయ్య మాట. ఆయన భార్య బసవమ్మ దాన్ని పనస అంటుంది.

తెనాలి దగ్గర పుట్టింట్లో తమ్ముడి పెళ్ళికి వెళ్ళినప్పుడు, పెరటి పనసపండు తొనలు తిని, గింజలు కొంగున కట్టుకుని తెచ్చింది బసవమ్మ. కొన్ని పులుసులోకి పోయాయి, కొన్ని కుంపట్లో కాలాయి. మిగిలిన ఒక్క గింజనూ పెరట్లో పాతింది. క్యాంపంతా వరి మళ్ళూ కళ్ళాలూ అయితే ఇక ఎక్కడ పాతుతుంది? గరుసు నేల కాస్త మెరక మీదున్న చోటు అదొక్కటే. మొలిచింది. జానెడైంది, మూరెడైంది, యలమందయ్య బొడ్డు దాటింది, చొక్కా రెండో గుండీ దాకా వచ్చింది. అక్కడ ఆగింది. మాను కావాల్సింది ఎదగడం మానుకుంది.

అప్పుడు వాళ్ళబ్బాయి రమేష్‌బాబు కాలేజీలో చదివేవాడు. ఆ తర్వాత అతనికి పెళ్ళయింది, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. పనసకు మాత్రం ఏమీ రాలేదు, ఏమీ పోలేదు. ఏడాదికి నాలుగాకులు వేసేది, పాతవి నాలుగు రాల్చేది. బొటనవేలంత లావు, అంతే. దాని మీదికి ఎండ ఏనాడూ గంపగుత్తగా దిగలేదు. పైన ఆకుల సందుల్లోంచి రాలే చిల్లర ఎండతోనే సంసారం నెట్టుకొచ్చింది.

“పనసలోంచి పస తీసేస్తే ఏం మిగులుతుందో తెలుసటే? ‘న’. న అంటే లేదని. అదీ నీ చెట్టు!” అని మంచం మీద నుంచి అరిచేవాడు యలమందయ్య.

“నీ మీసంలోంచి మీ తీసేస్తే మిగిలేదేంటో అదీ చెప్పు మరి,” అనేది బసవమ్మ వంటింట్లోంచి.

యలమందయ్య మీసం తడుముకుని, ‘సం’ అని లెక్క కట్టుకుని, దానికి అర్థం తేలక అటు తిరిగి పడుకునేవాడు.

పోయిన వేసవిలో, రెండో పంట ఇంటికి చేరాక, ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. నడిమి చెట్టుకు నడుం పట్టు తప్పింది. వేళ్ళతో సహా లేచి, కళ్ళం వైపుకు వాలి, యలమందయ్య మంచాన్ని నలగ్గొట్టి మరీ పడుకుంది. ఆ సమయానికి ఆయన మంచం మీద లేడు, పకోడీల వాసనకు లేచి వంటింటి గుమ్మంలో ఉన్నాడు. ఇన్నేళ్ళూ చెట్టు కింద మనిషి నిద్రపోయాడు, ఆ రోజు మనిషి మంచం మీద చెట్టు నిద్రపోయింది. లెక్క సరి.

చిత్రమేమిటంటే, అంత చెట్టు పడినా పనస మీద ఒక్క రెమ్మ పడలేదు. రెండు పెద్ద కొమ్మల పంగ మధ్యన, సందులో దాక్కున్న పిల్లిలా నిలబడి ఉంది.

మర్నాడు బాళగనూరు నుంచి బసన్న వచ్చాడు. వెల్డింగ్ షాపుంది, చెట్లు కోసే మిషనూ ఉంది. రాయచూరు అవతల, తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. మనిషి మంచివాడే గాని ఎవర్నయినా ‘సావుకార్’ అని పిలుస్తాడు. ఇటువైపు అది మర్యాద. యలమందయ్య చెవికి మాత్రం అందులో ముందు సగమే వినిపిస్తుంది.

“పొద్దున్నే ఆ సావు మాటేంటి బసన్నా! అయ్యా అనో, గారూ అనో అనరాదా?”

“అంటా సావుకార్,” అన్నాడు బసన్న, మిషను తాడు లాగుతూ.

చెట్టును ముక్కలు చేసి బండికెత్తేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అప్పుడు పడింది పెరట్లో ఎండ. కొత్తల్లుడు దిగినట్టు దిగింది. చెప్పకుండా వచ్చి, నట్టనడుమ కూర్చుని, ఇక లేవనంది. ఆ వెలుగులో యలమందయ్యకు ఇన్నేళ్ళూ కనిపించని సంగతి ఒకటి కనిపించింది.

“ఒరే రమేషూ, ఇక్కడ ఇంత జాగా ఉందంట్రా! ట్రాక్టరు ఎండకీ వానకీ నానుతోంది. దేవుడే సైటు ఖాళీ చేసి చేతికిచ్చాడు. బసన్నా, రేకుల షెడ్డు వేద్దాం. టేపు పట్టు.”

బసన్న టేపు పట్టాడు. మూడు మూలల్లో ఇనప చువ్వలు గుచ్చాడు. నాలుగో మూలకు వచ్చి ఆగాడు. ట్రాక్టరు ముక్కు ఎక్కడ పెట్టాలో సరిగ్గా అక్కడ నిలబడి ఉంది పనస.

“గీ కట్టె ఏంది సావుకార్?”

“కట్టే కదా. పీకెయ్.”

పీకెయ్ అన్న మాట వంటింటి దాకా వెళ్ళింది. తిరిగి అట్లకాడతో సహా వచ్చింది.

“పీకు నాయనా బసన్నా, పీకు. ఆ తర్వాత నీ చెయ్యి నీకే వెల్డింగ్ పెట్టుకోవాల్సొస్తది,” అంది బసవమ్మ.

బసన్న పనస మీద నుంచి చెయ్యి తీసి జేబులో దాచుకున్నాడు.

“ఏమేవ్, ఇన్నేళ్ళబట్టి చూస్తున్నా దాన్ని. ఎదిగే రకమైతే ఎదగదూ?” అన్నాడు యలమందయ్య.

“ఎట్టా ఎదుగుద్ది? నీ చెట్టు దాని నెత్తిన గొడుగేసుక్కూర్చుంటే? గొడుగు నిన్న మూసుకుంది. ఇప్పుడు చూడు దాని తమాషా. మా పుట్టింట్లో పెద్ద చింత పడ్డప్పుడు దాని కింద పనస ఇట్టాగే ఉండేది, పుల్లలాగా. తర్వాత దాని తొనలేగా నువ్వు పెళ్ళిచూపులకొచ్చి పళ్ళేనికి పళ్ళెం లాగించింది?”

“అవునా? అవి బాగున్నాయి గానీ...” అని యలమందయ్య ఒక్క క్షణం జారాడు. వెంటనే సర్దుకున్నాడు. “ఆ కబుర్లొద్దు. షెడ్డు కావాలి నాకు.”

“నాకు పనస కావాలి. ఈ క్యాంపుకొచ్చి నేనడిగింది ఇదొక్కటే. నగ అడగలా, నట్ర అడగలా. చచ్చేలోపు నా పెరటి పనస పొట్టు కూర నేను నా చేత్తో వండుకోవాలి. తప్పా?”

తప్పు కాదని యలమందయ్యకూ తెలుసు. కాని బసన్న చూస్తున్నాడు, కొడుకు చూస్తున్నాడు, మీసం కూడా చూస్తున్నట్టే ఉంది.

“సరే. గడువిస్తున్నా. ఉగాది నాటికి అది నా తల దాటాలి. దాటితే షెడ్డు లేదు. దాటకపోతే పనస లేదు. మళ్ళీ ఏడుపులుండకూడదు.”

“నిలబడే కొలుచుకోవాలి. తలపాగా పెట్టుకుని, నిక్కి నుంచుంటే కుదరదు.”

“నాకెందుకే నిక్కడం? అది నా గుండీ దాటటానికే ఒక తరం పట్టింది.”

“ఏమంటావురా?” అని తల్లి కొడుకు వైపు తిరిగింది.

“రెండూ బాగానే ఉన్నాయమ్మా,” అన్నాడు రమేష్‌బాబు. అందరూ అతన్ని గోడ మీద పిల్లి అంటారు, అన్యాయం. పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. రమేష్‌బాబు గోడే.

అలా ఒక రైతుకూ రైతు భార్యకూ పందెం పడింది. ఇక పందెం ఎలా నడిచిందో వినండి.

గొడుగు తీసిన పదిహేను రోజులకు పనస ఎదగలేదు సరికదా, మాడింది. పెద్ద పెద్ద ఆకుల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. అంచులు పెనం మీద మరిచిపోయిన అప్పడంలా ముడుచుకున్నాయి. యలమందయ్యకు ఆనందం పట్టలేదు. వేపపుల్ల నోట్లో పెట్టుకుని, పుల్ల చూడ్డానికి పుల్లతో వెళ్ళాడు.

“ఏమేవ్! ఎండ పడితే నీ చెట్టు ఎండిపోతోందే!”

“ఎండిపోదు. ఎండే దానికి వండిన అన్నం. కాకపోతే ఇన్నాళ్ళూ పస్తులున్న కడుపు, ఒక్కసారే విస్తరి నిండా పెడితే అరుగుద్దా? ఆ ఆకులు నీడలో పుట్టినయ్యి, పూతరేకుల్లాంటివి. ఎండకు ఆగవు. అవి పోతాయి. పోయాక దళసరివి వేసుకుంటది. ముందు కింద వేళ్ళు సర్దుకోవాలి, కాండం బలవాలి, ఆ తర్వాతే పైకి చూస్తది. ఒక పంటకాలం అలుగుద్ది. అలగనీ.”

“నీకంతా తెలిసినట్టే చెప్తావే!”

“చూశానయ్యా, మా ఇంట్లో. అప్పుడు మా నాన్న కూడా నీలాగే కంగారు పడ్డాడు.”

ఆకులన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. కొనన మిగిలిన రెండు లేతాకులు మాత్రం పసుపుపచ్చగా తిరిగాయి. అక్కడొచ్చింది చిక్కు.

మాడిన ఆకు యలమందయ్యను ఏమీ చెయ్యలేదు. రాలిన ఆకు ఏమీ చెయ్యలేదు. ఆ పసుపుపచ్చటి ఆకులున్నాయే, అవి ఆయన్ని నిలవనియ్యలేదు. పొద్దున్నే ముఖం కడగబోతే అవే. మధ్యాహ్నం పడుకోబోతే, పక్క చెట్టు కిందికి జరిపిన కొత్త మంచం మీద నుంచి అవే. ఆయన పొలంలోగాని, ఆయన తండ్రి పొలంలోగాని ఏ ఆకూ మూడో రోజు దాకా పసుపుగా ఉండి ఎరగదు. పైగా ఒకరోజు కాలవ గట్టు మీద పోతున్న క్యాంపు మనిషొకడు ఆగి, “ఏం యలమందయ్యా, పెరట్లో తెగులు పడిందా?” అని అడిగి పోయాడు. తెగులట! యలమందయ్య పెరట్లో!

ఆ రాత్రి అన్నం ముందు ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. పనస ఓడిపోవాలి. అందులో అనుమానం లేదు. కాని పచ్చగా ఉండి ఓడిపోవాలి. పసుపుగా ఓడితే ఆ అవమానం పనసది కాదు, తనది.

జూలైలో కాలవకు నీళ్ళొదిలారు. బసవమ్మ కోడలు దేవికతో కలిసి సింధనూరు బట్టల కొట్టుకు వెళ్ళిన రోజు చూసుకుని యలమందయ్య పార పట్టాడు. చెట్టుకైతే ఎవరైనా పాది తీస్తారు. ఆయన చేతికి పాది తెలియదు. నాలుగు వైపులా గట్టు వేసి, మూలలు తీర్చి, తడిమట్టితో మెత్తి మడి కట్టాడు. పిల్లకాలవ నుంచి పైపేసి నీళ్ళు వదిలాడు. పంచె ఎగ్గట్టి లోపలికి దిగి, పనస చుట్టూ తిరుగుతూ కాళ్ళతో దమ్ము చేశాడు. గరుసు నేల ముద్దయ్యేదాకా తొక్కాడు. గుప్పెడు యూరియా చల్లాడు. వరికైతే ఎంత మడికి ఎంతో తెలుసు, ఒంటి మొక్కకు ఎంతో తెలియదు. ఇంకో గుప్పెడు చల్లాడు. మూడోది ‘పాపం’ అనుకుని చల్లాడు. గట్టు మీద నిలబడి చూసుకుంటే మడి నిండా నీళ్ళు, నీళ్ళలో ఆకాశం, ఆకాశంలో నాటిన పుల్ల. కళ్ళకు ఎంత చల్లగా ఉందో!

సాయంత్రం బసవమ్మ వచ్చి చూసింది. చేతిలో సంచీలు కింద పెట్టింది.

“ఏంటిది?”

“మడి.”

“పనసకు మడేంటి? అదేవన్నా నోము పట్టిందా, మడి కట్టుకోవడానికి?”

“పసుపు తిరిగిందే. కాస్త మందేసి, నీళ్ళు పెట్టా. రేపటికి పచ్చదనం నల్లగా తిరుగుద్ది చూడు.”

“నల్లగానే తిరుగుద్ది, కుళ్ళి! పనస కాళ్ళు నీళ్ళలో నాన్తే బతుకుద్దా? మందు కూడా వేశావూ?” ఆమె చీర ఎగదోపి, చేతులతోనే గట్టు తెంపింది. తెంపి, ఆయన వైపు తిరిగింది. గొంతు తగ్గింది. దానికే భయం వేసింది యలమందయ్యకు. “పందెం గెలవాలంటే గెలువు. దానికోసం చంపాలా?”

“నేనా?” అన్నాడు యలమందయ్య.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆయనకు ఇంకా చాలా చెప్పాలనుంది. పసుపు చూడలేకపోయానని, దాన్ని బతికిద్దామనే దిగానని, ఏ మొక్కనూ చంపడానికి ఈ చేత్తో నీళ్ళు పెట్టలేదని. కాని అదంతా చెబితే షెడ్డు సంగతి ఏమౌతుంది? నోట్లో మాట నోట్లోనే నానింది, మడిలో పనసలాగా.

ఆనాటి నుంచి బసవమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. కాఫీ రమేష్‌బాబు చేతిలో వచ్చేది. “అమ్మ కాఫీ తాగమంది.” “అడక్కుండా ఇచ్చింది కాబట్టి కోపం తగ్గినట్టేనంట్రా?” “తగ్గినట్టూ ఉంది నాన్నా, తగ్గనట్టూ ఉంది.” తిట్టే బసవమ్మతో బతకడం యలమందయ్యకు అలవాటే. తిట్టని బసవమ్మతో ఎలా బతకాలో ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది.

గట్టు తెగినా నీళ్ళు పోలేదు. పడిపోయిన నిద్రగన్నేరు వేళ్ళతో లేచింది కదా, అక్కడ పెద్ద గుంట మిగిలింది. తెగిన మడి నీళ్ళు ఆ గుంటలోకి చేరాయి. పైనుంచి వానలు, పక్కనుంచి కాలవ ఊట. గుంట నిండింది, పనస కాళ్ళ దాకా ఊరింది. ఆయన తొక్కిన దమ్ము అట్టకట్టి చుక్క ఇంకనివ్వలేదు. పసుపు ఆకులు రెండూ వేలాడబడి, రాలిపోయాయి. ఇప్పుడది నిజంగానే పుల్ల. యలమందయ్య మాట ఇన్నేళ్ళకు నిజమైంది, ఆయనకే నచ్చలేదు.

బసవమ్మ రోజూ వచ్చి దాని ముందు కాసేపు నిలబడేది. చెంబుతో గుంట నీళ్ళు తోడి అవతల పోసేది. తోడినంతా మర్నాటికి మళ్ళీ ఊరేది. ఒకరోజు ఆమె చెంబు పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకోవడం మంచం మీద నుంచి చూశాడాయన. చెమటే అయి ఉండొచ్చు. ఎండ బాగానే ఉంది.

ఆమె లోపలికి వెళ్ళాక లేచాడు. పనస దగ్గరకెళ్ళి, కాండం మీద గోటితో చిన్నగా గీశాడు. బెరడు కింద పచ్చగా ఉంది. పాలు కూడా సన్నగా ఊరాయి.

యలమందయ్య పార కోసం వెళ్ళాడు.

నీళ్ళు పోవాలంటే పల్లానికి పోవాలి. పల్లం పెరటి అటుకొసన మురుక్కాలవ దగ్గరుంది. గుంట నుంచి అక్కడికి తిన్నగా తవ్వితే దారి ఒక్కటే, షెడ్డు కోసం బసన్న గుచ్చిన చువ్వల మధ్య నుంచి. యలమందయ్య ఒకసారి చువ్వల వైపు చూశాడు, ఒకసారి పుల్ల వైపు చూశాడు, తవ్వడం మొదలుపెట్టాడు. మోకాలి లోతు సరిపోలేదు. తొడ లోతు తవ్వాడు. రమేష్‌బాబు కూలీలను పిలుద్దామన్నాడు. “మడి నేను కట్టా, కాలవ నేనే తియ్యాలి, పో,” అన్నాడు. అట్టకట్టిన దమ్మును పలుగుతో పెళ్ళలు పెళ్ళలుగా లేపి, ముద్దమట్టి తీసి అవతల పోసి, కొత్త గరుసు తెచ్చి నింపాడు. పార నేలకు తగిలే చప్పుడుకు బసవమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. ఆ పూట కాఫీ రమేష్‌బాబు చేతిలోనే వచ్చింది గాని, గ్లాసు పెద్దది.

కాలవ పూర్తయిన రోజునే బసన్న కొలతలు సరిచూసుకోవడానికి మోటారు సైకిల్ మీద వచ్చాడు.

“ఏంది సావుకార్ గిట్ల జేసినవ్! నా పిల్లర్ జాగల గీ కందకం ఏంది? షెడ్డు గట్టాల్నా, కోట గట్టాల్నా?”

“మురుగు పోవాలి కదా బసన్నా.”

“మురుగు ఏడిది? గీ మోడుకా?” బసన్న పనసను కిందినుంచి మీదికి చూశాడు. “ఒక్క ఆకన్న లేదు. ఇగ పందెం నీదే సావుకార్. ఉగాది దాకా ఎందుకు, ఇయ్యాలనే పీకి...”

“చెయ్యి జేబులో పెట్టుకో,” అన్నాడు యలమందయ్య.

బసన్న పెట్టుకున్నాడు. ఈ ఇంట్లో ఆ పుల్ల జోలికెళ్తే మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకటే అని ఆనాడు గ్రహించాడు.

గుంట ఎండింది. నేల ఆరింది. వినాయక చవితి వెళ్ళింది. పుల్ల పుల్లలాగే ఉంది. యలమందయ్య రోజూ పొద్దున్నే గోరు పెట్టి చూసుకునేవాడు, డాక్టరు నాడి చూసినట్టు. పచ్చ ఉంది, ప్రాణం ఉంది. కాని ఎన్నాళ్ళు? రోజూ గీకడంతో దాని ఒళ్ళంతా గాట్లు పడుతున్నాయని గమనించి, తర్వాత గీకడం కూడా మానేశాడు. పక్కన కూర్చునేవాడు, అంతే. “ఎండ కాస్తోంది. నేను కాపలా కాస్తున్నా. ఇక కాయాల్సిందల్లా నువ్వే,” అని దానితో అనేవాడు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేకపోతే మనిషి పుల్లతోనైనా మాట్లాడతాడు.

దసరా ముందు ఒక ఉదయం కాలవకు అవతల ఉన్నవాళ్ళకు కూడా కేక వినిపించింది.

“ఏమేవ్!”

పామేమో అనుకుని బసవమ్మ కర్రతో సహా పరిగెత్తుకొచ్చింది. యలమందయ్య చూపుడువేలు పనస కొన వైపు చాచి ఉంది. కొనన చిలక ముక్కంత మొగ్గ. దాని తొడుగు చీల్చుకుని ఒక ఆకు, బొటనవేలంతది, సగం విప్పుకుని ఉంది. మునుపటిలా పల్చటి విసనకర్ర కాదు. చిన్నది, దళసరిది, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. కింద కణుపుల్లో ఇంకా రెండు మూడు మొగ్గలు.

బసవమ్మ కర్ర కింద పడేసి, ఆ ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టి చూసింది.

“ఎండాకు,” అంది. “ఇది ఎండకు పుట్టింది. ఇక దీనికి దిగులు లేదు.”

“పచ్చగా ఉంది కదే?”

“పచ్చగానే ఉంది.” ఆ తర్వాత అతి మామూలుగా, ఇన్ని వారాల నిశ్శబ్దం అసలు జరగనట్టే, అడిగింది. “మళ్ళీ మందెయ్యవుగా?”

“నా చేతులు కట్టెయ్,” అన్నాడు యలమందయ్య.

“కట్టేస్తే కాలవెవరు తవ్వుతారు?” అని లోపలికెళ్ళి కాఫీ తనే తెచ్చింది.

ఇక అక్కడినుంచి పనసకు పట్టపగ్గాల్లేవు అని రాయాలని నాకూ ఉంది. కాని చెట్టు దాని దారిన అది పోతుంది, కథ కోసం ఎదగదు. ముందు లావెక్కింది. బొటనవేలు పోయి మణికట్టయింది. పక్కలకు కొమ్మలు వేసింది. పైకి మాత్రం నింపాదిగా చూసింది. యలమందయ్యకు ఇదొక కొత్త దిగులు పట్టుకుంది. పొద్దున్నే దాని పక్కన నిలబడి అరచెయ్యి అడ్డంగా పెట్టి కొలుచుకునేవాడు. గుండీ దాటింది. గడ్డం దగ్గరకొచ్చింది. “ఒళ్ళు తర్వాత చెయ్యొచ్చమ్మా, ముందు పొడుగు చూడు,” అని బతిమాలేవాడు. పందెం ఎవరిదో, తాను ఏ పక్షమో ఆయనకు గుర్తుండటం మానేసింది. ఎవరూ గుర్తు చెయ్యలేదు కూడా.

మాఘం వెళ్ళి ఎండ ముదిరాక పనస నిజంగా ఊపందుకుంది. నాలుగు రోజులకో కొత్త ఆకు. మీసం దాటింది. ముక్కు దాటింది. కనుబొమల దగ్గరుండగా ఉగాది వచ్చేసింది.

ఉగాది పొద్దున పచ్చడి నోట్లో పెట్టుకున్నారో లేదో, వీధిలో ట్రాలీ చప్పుడైంది. బసన్న మాట మీద నిలబడే మనిషి. ఇనప కంబాలు, రేకులు, ఇద్దరు మనుషులతో దిగాడు.

“ఉగాది అన్నవ్, వచ్చిన సావుకార్. కొలిచి చూడుండ్రి. షెడ్డా, చెట్టా?”

అందరూ పెరట్లోకి వెళ్ళారు. యలమందయ్య కొత్త పంచెతో, తలపాగా లేకుండా వెళ్ళి పనస పక్కన నిలబడ్డాడు. రమేష్‌బాబు ఒక కర్రను అడ్డంగా పట్టుకుని తండ్రి తల మీద ఆనించాడు. కర్ర చివర పనస కొన మీదుగా పోయింది. మధ్యన నాలుగు వేళ్ళ సందుంది. బసవమ్మ చూసింది. ముఖం తిప్పుకోలేదు. పందెమంటే పందెం. ఆమె ఒప్పుకున్న మాటే అది.

“కురచనే ఉంది,” అన్నాడు బసన్న నెమ్మదిగా. అతనికీ ఆ మాట అనడం ఇష్టం లేనట్టుంది.

“సరిగ్గా పట్టుకోలేదురా నువ్వు. మళ్ళీ పట్టు,” అన్నాడు యలమందయ్య.

రమేష్‌బాబు మళ్ళీ పట్టాడు. ఈసారి కర్ర కిందికి వచ్చింది. పనస కొన కర్రకు పైన, గాలికి అటూ ఇటూ ఊగింది.

బసన్న వంగి, పంచె కుచ్చెళ్ళ వైపు చూశాడు.

“సావుకార్, మోకాళ్ళు వంగినయ్ గదా!”

“నొప్పిరా. మోకాళ్ళ నొప్పి. తవ్వి తవ్వి పట్టుకుంది.”

“నిటారుగా నిలబడయ్యా. దానమిస్తే నాకొద్దు,” అంది బసవమ్మ.

“నిలబడలేకపోతున్నానంటే వినవేంటే? నా కాళ్ళు నా ఇష్టం.”

“ఎప్పట్నుంచి నొప్పి?”

“ఇందాకట్నుంచి.”

“ఎంతకాలం ఉంటది?”

యలమందయ్య పనస వైపు తలెత్తి చూశాడు. వంగి ఉన్నాడు కాబట్టి చాలా పైకే చూడాల్సొచ్చింది.

“అది నన్ను దాటిందాకా,” అన్నాడు.

బసవమ్మ రమేష్‌బాబు వైపు తిరిగింది. “ఏమంటావురా? దాటిందా, లేదా?”

“దాటింది,” అన్నాడు రమేష్‌బాబు. గోడ మొదటిసారి ఒక వైపు ఒరిగింది.

“హౌదు హౌదు, అవును, దాటింది,” అన్నాడు బసన్న. “అది సరే, మరి గీ రేకులు ఏడ దించాలె? నేను వాపస్ తీస్కవోను మళ్ళ.”

యలమందయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పెరడంతా కలయజూశాడు. కందకం ఉన్న చోట కుదరదు. కళ్ళం దగ్గర కుదరదు. మిగిలింది పక్క నిద్రగన్నేరు కింద, మంచం వేసుకున్న చోటు.

“అక్కడ దించు,” అన్నాడు. అని, ఎవర్నీ పిలవకుండా తనే వెళ్ళి మంచం కోడు పట్టుకున్నాడు. రెండో కొస బసవమ్మ పట్టింది.

“నొప్పన్నావుగా, ఎత్తొద్దు. మెల్లిగా లాగుదాం,” అంది.